మూత తీసే ముందు సొలొమోను గారు

సొలొమోను గారి ఎదురుగా ఎవరూ ఏ మూతా ఊరికే తీయడానికి వీల్లేదు. లోపల ఏముందో, ఎంతుందో ముందు అంచనా చెప్పి తీరాలి. టిఫిన్ బాక్సు, ఫ్లాస్కు, లిఫ్టు తలుపు, మేనేజరు గారి గది తలుపు, దేనికీ మినహాయింపు లేదు. మన చెయ్యి మూత మీద పడిందో లేదో, "ఆగాగు! ముందు అంచనా!" అని కేక పెడతారు. మనం నోరు తెరిచేలోపు తన అంచనా తనే చెప్పేస్తారు. అది తప్పుతుంది. ఓ మోస్తరుగా తప్పడం కాదు, విన్నవాళ్ళు కుర్చీలోంచి జారిపడేంతగా తప్పుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన రోజే ఇది కళ్ళారా చూశాను. మధ్యాహ్నం మా ల్యాబ్‌లో పనిచేసే మాణిక్యం గారు తన క్యారేజీ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. గదంతా గోంగూర వాసన. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి గుటకలు మింగే వాసన.

"ఆగండి మాణిక్యం గారూ! ముందు అంచనా!" అంటూ సొలొమోను గారు కళ్ళు మూసుకుని వేలు గాల్లోకి లేపారు. "సేమ్యా పాయసం. జీడిపప్పు దండిగా పడింది."

"సార్, గోంగూర పచ్చడి కదా!" అన్నాను ఆపుకోలేక.

"అట్టాగంటావా? సరే, తీసి చూద్దాం."

మూత తీశారు. గోంగూర పచ్చడే, పైన ఎండుమిర్చి పోపుతో సహా. "శభాష్! కొత్తమ్మాయి నెగ్గింది!" అని ఆయన చప్పట్లు కొట్టి, అందరి చేతా కొట్టించారు. ఓడిపోయిన మనిషి మొహంలో అంత సంతోషం నేనెక్కడా చూడలేదు.

ఇలాంటివి మా ఆఫీసులో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఒకసారి లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు "లోపల పెళ్ళివారున్నారు, మేళంతో సహా" అన్నారట. లోపల ఈగ కూడా లేదు. వన్ టౌన్‌లో ఎండుమిర్చి బస్తా ముందు నిలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, మూడుసార్లు తుమ్మి మరీ "పంచదార" అన్నారట. చివరికి మా వాళ్ళు ఏదైనా నమ్మబుద్ధి కాకపోతే "ఇదేదో సొలొమోను గారి అంచనాలా ఉందే" అనడం అలవాటు చేసుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడితే ఆయనే అందరికంటే గట్టిగా నవ్వేవారు.

ఇంతకీ ఆయన ఉద్యోగమేంటో తెలుసా? అంచనా కట్టడమే!

మా కంపెనీ కృష్ణా డెల్టాలో చమురు బావులున్న వాళ్ళకు లెక్కలు కట్టి పెడుతుంది. పొలాల కింద, చేపల చెరువుల కింద, రెండున్నర కిలోమీటర్ల లోతున రాతి సందుల్లో దాక్కున్న ఆయిల్ అక్కడ ఎలా ఉందో ఎవరూ చూడలేదు, చూడలేరు. పైకి వచ్చేసరికి దాని తీరే మారిపోతుంది. కింద ఉన్నప్పుడు విపరీతమైన వేడి, దాని మీద భయంకరమైన ఒత్తిడి. ఆ ఒత్తిడికి గ్యాసంతా ఆయిల్లో కరిగిపోయి కిక్కురుమనకుండా ఉంటుంది, మూత బిగించిన సోడాలో లాగా. ఒత్తిడి తగ్గుతూ తగ్గుతూ ఒక అంకె దగ్గరికి దిగగానే మొదటి బుడగ పుడుతుంది. ఆ అంకెను బబుల్ పాయింట్ అంటాం. బావి అడుగు నుంచి శాంపిల్ తీసి పెద్ద ల్యాబ్‌కు పంపిస్తే సరిగ్గా చెప్తారు. కానీ రిపోర్టు రావడానికి వారాలు పడుతుంది, అన్నాళ్ళు బావి మన కోసం ఆగదు. అందుకని పైకొచ్చిన ఆయిల్ ఎంత చిక్కగా ఉంది, దాంతోపాటు గ్యాసెంత వచ్చింది, కింద వేడెంత అని చూసి, సూత్రాల్లో వేసి, ఆ అంకెను మేమే ఊహించాలి. ఈ విద్యలో తల నెరిసిన మనిషి గోంగూరను పాయసమంటాడు! ఇంకేం చెప్పను?

ఇక నా సంగతి. మాది ఉయ్యూరు, చెరుకు తోటలు, పంచదార ఫ్యాక్టరీ ఉన్న ఊరు. "ఫ్యాక్టరీ సైరన్ కన్నా ముందు మా శ్రీదుర్గ గొంతే వినపడుద్ది" అని మా నాన్న ఊరంతా చెప్పుకునేవాడు. అంతటి గొంతు ఆఫీసులో చేరిన రెండోవారమే పడకేసింది. ఒక మీటింగ్‌లో, ఒక బావిలో ఆయిల్ చిక్కదనం ఎంతుంటుందని అడిగితే, కంగారులో దశాంశ బిందువు తప్పు చోట పెట్టి చెప్పాను. మా మేనేజరు వెంకటకృష్ణారావు గారు పడీ పడీ నవ్వారు.

"అమ్మాయ్, నువ్వు ఉయ్యూరు నుంచి వచ్చావు గదా, అలవాట్లో బెల్లం పాకం లెక్క చెప్పినట్టున్నావు! మనది క్రూడాయిలమ్మా!"

గది గొల్లుమంది. ఆయన చెడ్డవారు కాదు, ఆ జోకు వేసిన మరుక్షణం మర్చిపోయి ఉంటారు. నేను మాత్రం మర్చిపోలేదు. ఆ తర్వాత మీటింగుల్లో నాకు తెలిసిన అంకె కూడా గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది. మాణిక్యం గారి క్యారేజీ దగ్గర మాత్రం నోరు లేచేది. సొలొమోను గారు అంత పెద్ద తప్పు చెప్పాక ఎవరు ఊరుకోగలరు?

అప్పుడొచ్చింది బంటుమిల్లి అవతలి బావి. చేపల చెరువుల మధ్య కొత్తగా పడిన బావి అది, మంచి ఆయిల్. హెడ్డాఫీసు వాళ్ళకు ఆనందం ఎక్కువైపోయి, ఆయిల్ బయటికొచ్చే దాని మూతి ఇంకా పెద్దది చేసి రోజువారీ ఉత్పత్తి పెంచమని మేనేజరు గారి ప్రాణం తీస్తున్నారు. మూతి ఎంత పెద్దది చేస్తే కింద ఒత్తిడి అంత పడిపోతుంది. బబుల్ పాయింట్ కంటే కిందకి పడిందా, కొంప మునిగినట్టే. బుడగలు రాతి సందుల్లోనే పుట్టేస్తాయి. గ్యాసు చురుకైనది, తను ముందు పరుగెత్తి బయటికొచ్చేస్తుంది. ఆయిల్‌ను తోసే దిక్కులేక అది కిందే ఉండిపోతుంది. తర్వాత ఎంత ఏడ్చినా పైకి రాదు.

మేనేజరు గారి లెక్కలో బబుల్ పాయింట్ రెండు వేల ఆరు వందల పీఎస్ఐ, అది ఒత్తిడికి మా కొలత. మూతి పెద్దది చేశాక కింద ఉండబోయే ఒత్తిడి రెండు వేల ఏడు వందల యాభై. కాగితం మీద అంతా క్షేమంగానే ఉంది. నిర్ణయం మరునాడు మీటింగ్‌లో.

మీటింగ్‌కు ముందు రోజు సొలొమోను గారు నా టేబుల్ దగ్గరికొచ్చి, "పద శ్రీదుర్గా, బావి దగ్గరికెళ్ళి గాలి పీల్చుకుని వద్దాం" అన్నారు. వెళ్ళాం. అక్కడ ఒక పెద్ద తొట్టెలో, దాన్ని సెపరేటర్ అంటారు, గ్యాసూ ఆయిలూ విడిపోతాయి. ఆ గ్యాసు మీటరు మీదుగా పోతుంది. ఆయిల్ పక్కనున్న ట్యాంకులోకి వెళ్తుంది. సొలొమోను గారు దూరంగా నిలబడి ట్యాంకును చూస్తూ అలవాటుగా మొదలుపెట్టారు.

"అంచనా! ఆ ట్యాంకులో ఇంక ఒక్క బుడగ గ్యాసు కూడా ఉండదు. చప్పగా చల్లారిపోయిన ఆయిలే."

"అదేంటి సార్! పైనున్న పైపు బుస్సుమంటోంది, వినపళ్ళేదా? చూడండి, దాని దగ్గర గాలి ఎట్లా అలలు అలలుగా కదులుతుందో!"

"అది చెరువు గాలిలేమ్మా."

నాకు ఒళ్ళు మండింది. అక్కడి ఆపరేటర్ని అడిగాను, "ఈ పైపులో పోయే గ్యాసుకు మీటరుందా అండీ?"

"దీనికెక్కడిదండీ, మీటరు సెపరేటర్ కాడే!" అన్నాడాయన.

తిరుగు ప్రయాణంలో మా ఉయ్యూరులో కారాపించి సొలొమోను గారు గోలీసోడా చెప్పారు. సోడా ఆయన గోలీ మీద వేలు పెట్టగానే ఈయన మళ్ళీ, "ఆగాగు! ముందు అంచనా! గోలీ నొక్కినప్పుడు తుస్సుమన్నదే గ్యాసు. ఆ తర్వాత గ్లాసులో పోస్తే మంచినీళ్ళలా పడుంటది."

సోడా ఆయన ఈయన్ని ఎగాదిగా చూశాడు. గోలీ నొక్కి, నిమ్మరసం, ఉప్పు వేసిన గ్లాసులో పోశాడు. అది జివ్వున పొంగి సొలొమోను గారి చొక్కా మీద పడింది.

"చూశారా సార్! తుస్సుమన్నదొక్కటే కాదు, గ్లాసులో పొంగేది కూడా గ్యాసే! రెండూ కలిపితేనే సీసాలో..."

అక్కడ ఆగిపోయాను. మేనేజరు గారి లెక్కలో మీటరు చూపించిన గ్యాసొక్కటే ఉంది. అంటే తుస్సుమన్నది మాత్రమే! ట్యాంకులో పొంగింది లెక్కలోకే రాలేదు! ఆయిల్లో అసలు కరిగి ఉన్న గ్యాసు ఇంకా ఎక్కువ, గ్యాసు ఎక్కువైతే మొదటి బుడగ ఇంకా ఎక్కువ ఒత్తిడి దగ్గరే పుడుతుంది! నేను కారులో కూర్చుని ఫోన్లోనే లెక్క మొదలుపెట్టాను. బెంజి సర్కిల్ వచ్చేసరికి అంకె తేలింది. రెండు వేల తొమ్మిది వందలు. ఆ మూతి పెద్దది చేస్తే బావి పాడవుతుంది! పక్కన సొలొమోను గారు తడిసిన చొక్కాతో హాయిగా గురక పెడుతున్నారు.

మర్నాడు మీటింగ్. మేనేజరు గారు బోర్డు మీద రెండు వేల ఆరు వందలు అని రాసి కింద రెండు గీతలు గీశారు. బావి దగ్గరి వాళ్ళు ఫోన్లో సిద్ధంగా ఉన్నారు. లేచి నిలబడి మీ అంకె తప్పండీ అనాలి. అంటే? మళ్ళీ బెల్లం పాకం. నా లెక్కే తప్పయితే? ఇంకో పొరపాటుకు ఈ ఉద్యోగం ఉంటుందా? అనకపోతే ఆ బావి నా కళ్ళ ముందే పోతుంది. నోరు తెరుస్తున్నాను, గాలి తప్ప మాట రావడం లేదు.

"అయితే మూతి పెద్దది చేసెయ్యమందామా?" అని మేనేజరు గారు ఫోన్ వైపు వంగారు.

"ఆగాగండి! ముందు అంచనా!"

ఇంకెవరు? సొలొమోను గారు లేచి నిలబడ్డారు. "బబుల్ పాయింట్ ఎనిమిది వేలు!"

గది పైకప్పు లేచిపోయింది. మాణిక్యం గారు నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గారు. మేనేజరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"సొలొమోను గారూ, కింద ఉన్న మొత్తం ఒత్తిడే నాలుగు వేలండీ! దానికి రెట్టింపు దగ్గర బుడగ ఎట్లా పుడుతుందండీ?"

"ఎక్కువైందంటారా? సరే, తగ్గిద్దాం. ఏడు వేలు! ఆరు వేలు!" అంటూ ఆయన వేలంపాటే మొదలుపెట్టారు. "రండి బాబూ రండి, కిందకి రండి! మాణిక్యం గారూ, మీ పాటెంత?"

"నన్నొదిలేయండి బాబూ. ఐదు వేలు!"

"ఐదు వేలు ఒకటోసారి! శ్రీదుర్గా, నీ పాట?"

అందరూ నవ్వుతూనే ఉన్నారు. నాకూ నవ్వొచ్చేసింది. ఆ నవ్వులోనే మాట జారిపోయింది. "రెండు వేల తొమ్మిది వందలు సార్!"

మేనేజరు గారు నవ్వుతూనే నా వైపు తిరిగారు. "హమ్మయ్య, మొత్తానికి ఒకళ్ళు మనుషులు చెప్పే అంకె చెప్పారు." వెంటనే బోర్డు వైపు చూసి నవ్వాపేశారు. "ఉండు, ఉండు. నాదానికంటే మూడొందలు ఎక్కువ చెప్పావే. ఎందుకని?"

ఇక నన్ను ఆపేవాళ్ళెవరు! ఉయ్యూరు గొంతు మొత్తం బయటికొచ్చింది. ట్యాంకు మీద పైపు, దానికి మీటరు లేకపోవడం, గోలీసోడా, గ్లాసు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. "తుస్సుమన్నది లెక్కపెట్టాం సార్, గ్లాసులో పొంగింది వదిలేశాం!"

మేనేజరు గారు తన కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ దగ్గరికి లాక్కుని, "బావి మూతి ఎవరూ ముట్టుకోవద్దు! ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. అడుగు నుంచి శాంపిల్ తీయించండి" అన్నారు. తర్వాత నాతో, "హెడ్డాఫీసుతో నేను మాట్లాడుకుంటాలే. బావి బతికితే అన్నీ బతుకుతాయి. ఇంత మంచి సంగతి లోపల దాచుకుని కూర్చున్నావేంటమ్మా ఇప్పటిదాకా?" అన్నారు. ఏం చెప్పను! బెల్లం పాకం అని చెప్పలేను గదా.

ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజు నేను వేసిన కేకకు కింది అంతస్తు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. రెండు వేల ఎనిమిది వందల ఎనభై! మేనేజరు గారు బందరు లడ్డూలు తెప్పించారు. డబ్బా మీద ఈ చివర నుంచి ఆ చివరికి లడ్డూ బొమ్మ ఉంది. సొలొమోను గారు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగాగు! ముందు అంచనా! మిరపకాయ బజ్జీలు" అన్నారు.

ఇక్కడితో ఈ కథ అయిపోయిందనే అనుకున్నాను. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవానికి ఆయన మా అందర్నీ ఇంటికి పిలిచారు. నేను వెళ్ళేసరికి వాళ్ళ వీధి వాళ్ళంతా షామియానా కింద యాత్రికులకు భోజనాలు వండుతున్నారు. కొండ మీదికి జనం, కొండ దిగే జనం, వీధి నిండా జనం. వంట చేసే ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చి, "సొలొమోనన్నా, బియ్యం ఇంకెంత పొయ్యమంటావ్?" అని అడిగాడు.

అడగడానికి ఈయనే దొరికాడా! ఇవాళ సగం గుణదల పస్తే!

సొలొమోను గారు జనాన్ని ఒకసారి చూశారు, ఎండను చూశారు. "ఒక బస్తా పొయ్యి. సాంబారు ఉన్నది చాలు. పెరుగు ఇంకో రెండు క్యాన్లు చెప్పు."

ఎవరూ నవ్వలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు. నేను మాత్రం అన్నం డేగిసా దగ్గర్నుంచి కదల్లేదు, ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు గొడవవుతుందా అని. చివరి బంతి లేచేసరికి సాంబారు గిన్నెలో ఒక గరిటెడు మిగిలింది. డేగిసాలో అడుగంటిన మెతుకులు. అంతే!

"అదేంటండీ, సరిపోయింది!" అన్నాను సొలొమోను గారి భార్య సంపూర్ణమ్మ గారితో.

ఆవిడ నన్ను వింతగా చూశారు. "సరిపోకేం? ఏటా ఈయన మాట మీదే గదమ్మా ఇక్కడ పొయ్యి వెలిగేది! కుక్కర్లో ఉప్పు తక్కువైందని మూత తీయకుండానే చెప్తాడీయన, నాకు చిర్రెత్తుకొస్తది. పెళ్ళైన కాణ్ణించీ ఈయన అంచనా ఒక్కటీ తప్పడం నేను చూళ్ళేదు."

పాయసం, పెళ్ళివారు, పంచదార, ఎనిమిది వేలు, అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. తిన్నగా ఆయన దగ్గరికెళ్ళి నిలదీశాను.

"సార్, నిజం చెప్పండి. ఆ బావి బబుల్ పాయింట్ మీ అసలు అంచనా ఎంత?"

ఆయన అటూ ఇటూ చూసి, దొంగతనం దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు. "రెండు వేల ఎనిమిది వందల డెబ్బై."

నాకంటే దగ్గర! "మరి బావి దగ్గరికి తీసికెళ్ళిందీ, సోడా చొక్కా మీద పోయించుకుందీ..."

"చొక్కా సంగతి అనుకోలేదమ్మా. అది నిజంగానే తప్పింది."

"మీరే చెప్పొచ్చు గదండీ మీటింగ్‌లో!"

"చెప్తే మేనేజరు గారు రాసుకుంటారు, నువ్వు తలూపి ఇంటికెళ్తావు. నేను రిటైరయ్యాక ఎవరు చెప్తారు?"

"నేను నోరు తెరవకపోతే? బావి పోయేది గదా!"

"ఎట్టా పోనిస్తాను? వేలం నా చేతిలో ఉంది గదా! మూడు వేల దాకా దిగొచ్చి, ఎందుకని మేనేజరు గారు అడిగేదాకా ఇక అక్కడే కూర్చునేవాణ్ణి." నవ్వాపి అన్నారు, "మొదటి బుడగ పుట్టడమే కష్టం శ్రీదుర్గా. అది పుడితే మిగతావి వాటంతటవే వస్తాయి. అందుకని ఎక్కడైనా మొదటి బుడగ నేనే అవుతా. పగిలిపోతే నష్టమేముంది? నాలుగు నవ్వులు."

నాకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆయనకది నచ్చదని తెలుసు కాబట్టి ఆ మిగిలిన గరిటెడు సాంబారు ఆయన ప్లేట్లో పోసేశాను.

ఈ మధ్య మా ఆఫీసులో జెస్సికా అని కొత్తమ్మాయి చేరింది. చదువులో దిట్ట, కానీ అడిగినా నోరు విప్పదు. మొన్న మధ్యాహ్నం మాణిక్యం గారు క్యారేజీ తెచ్చి టేబుల్ మీద పెట్టారు. చేపల పులుసు వాసన వరండా దాకా కొడుతోంది. సొలొమోను గారు వేలు లేపేలోపే నేను లేచి కేకేశాను.

"ఆగండి! ముందు అంచనా! వంకాయ కూర!"

సొలొమోను గారు ఉలిక్కిపడి నన్ను కొరకొరా చూశారు. "వంకాయ కూరేంటి నీ మొహం! అందులో ఉన్నది గొడుగు."

"గొడుగా?" జెస్సికా పకపకా నవ్వేసింది. "చేపల పులుసు కదండీ! మామిడికాయ ముక్కలు కూడా వేశారు, వాసన రావట్లేదూ?"

మూత తీశారు. మామిడికాయ ముక్కలతో సహా ఉంది. మేమిద్దరం చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాం. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఆ గోలలో సొలొమోను గారు నా వైపు వంగి చెవిలో మెల్లిగా అన్నారు.

"వంకాయ కూర మరీ దగ్గరికొచ్చేసింది. తప్పు చెప్పడానిక్కూడా ధైర్యం ఉండాలమ్మాయ్. ఇంకాస్త ప్రాక్టీసు చెయ్యి."